సముద్రం అవతలి అణుకేంద్రం



మీ పక్కింటివారు పెరట్లో ఒక ఇటుకబట్టీ పెట్టారనుకోండి. స్థలం వారిది, మట్టి వారిది, డబ్బూ వారిదే. ఇటుకలు అమ్మితే వచ్చే లాభం కూడా వారిదే. పొగ మాత్రం ప్రహరీగోడ దగ్గర ఆగదు గదా! అది మీ ఇంట్లో ఆరేసిన బట్టల మీదికి వస్తుంది, మంచంలో పడుకున్న తాతయ్యకు దగ్గు తెప్పిస్తుంది. అప్పుడు మీ నాన్నగారు వెళ్ళి, "బట్టీ పెట్టుకోవడం మీ ఇష్టమే, మరి ఈ పొగ సంగతేమిటి?" అని అడిగితే దాన్ని తగవు అంటారా?

ఇది నాకు గుర్తుకు రావడానికి కారణం మా పదో తరగతి అమ్మాయి ఒకతె. విద్యుత్తు ఎన్ని విధాలుగా తయారవుతుందో చెబుతూ తమిళనాడులోని కూడంకుళం పేరెత్తాను. గోడమీద పటంలో చోటు చూపించాను. ఆమె పటం కేసి కాసేపు చూసి, "సార్, అక్కడ ఏదన్న అయితే శ్రీలంక దాకా పోతదా? అది వేరే దేశం గదా!" అంది. వెనక బెంచీల వాళ్ళు నవ్వారు. నేను నవ్వలేదు. ఎందుకంటే 2012లో శ్రీలంక ప్రభుత్వం అడిగిన ప్రశ్న సరిగ్గా అదే.

పత్రికల్లో మనం సాధారణంగా చదివేది వేరు. పొరుగుదేశంలో ఫలానా చోట యురేనియాన్ని శుద్ధి చేస్తున్నారట, మన ప్రభుత్వం ఆందోళన తెలియజేసిందట అని చదువుతాం. పాకిస్తాన్‌లోని కహుటా పేరు అలాగే మన ఇళ్ళలోకి వచ్చింది. ఈసారి పటాన్ని తిప్పి పట్టుకుందాం. ఇక్కడ పొరుగువాళ్ళం మనం. బట్టీ మనది. అడుగుతున్నది వాళ్ళు.

ముందు ఆ కేంద్రం గురించి రెండు మాటలు. తిరునల్వేలి జిల్లాలో, సముద్రపు ఒడ్డున ఉంది కూడంకుళం. 1988లో భారతదేశానికి, అప్పటి సోవియట్ యూనియన్‌కు మధ్య కుదిరిన ఒప్పందం దానికి మూలం. సోవియట్ యూనియనే విడిపోవడంతో పని వెనకబడి, నిర్మాణం 2002లో మొదలయింది. ఒక్కొక్కటి 1000 మెగావాట్ల విద్యుత్తు ఇచ్చే రెండు రియాక్టర్లలో మొదటిది 2013 జులైలో, రెండోది 2016 జులైలో పనిలోకి దిగాయి. మరి కొన్నిటి నిర్మాణం సాగుతూ ఉంది. ఇంధనం రష్యా నుండి వస్తుంది.

ఇప్పుడు అట్లాసు తెరవండి. కూడంకుళం నుండి సూటిగా తూర్పుకు మన్నారు సింధుశాఖ మీదుగా ఒక గీత గీస్తే శ్రీలంకలోని కల్పిటియ తీరం తగులుతుంది. దూరం సుమారు 225 కిలోమీటర్లు. కొలంబో సుమారు 270 కిలోమీటర్లు. మధ్యలో కొండ లేదు, అడవి లేదు, ఉన్నదంతా నీరే. హైదరాబాదు నుండి విజయవాడ ఎంత దూరమో ఇంచుమించు అంతే అనుకోండి.

ఇంత దూరం ఏమి ప్రయాణం చేయగలదు? చాలామంది ఇక్కడే పొరబడతారు. రియాక్టరు నుండి కిరణాలు బయలుదేరి, టార్చిలైటు వెలుగులాగా సముద్రం దాటి వచ్చి మీద పడతాయని ఊహిస్తారు. అలా జరగదు. గామా కిరణాలు కాంక్రీటులోనూ నీటిలోనూ ఆగిపోవడమే కాక, కొన్ని వందల మీటర్ల గాలిలోనే చాలావరకు క్షీణిస్తాయి. కొలంబో దాకా రావడం వాటి తరం కాదు.

దూరం రాగలిగింది కిరణం కాదు, కిరణాలను వెదజల్లే పదార్థం. యురేనియం కేంద్రకం రెండుగా చీలినప్పుడు పుట్టే ముక్కల్లో అయోడిన్-131, సీసియం-137 వంటివి ఉంటాయి. మామూలు రోజుల్లో ఇవి ఇంధన గొట్టాల లోపలే, వాటి చుట్టూ ఉక్కుపాత్రలో, దాని చుట్టూ కాంక్రీటు గుమ్మటంలో బందీగా ఉంటాయి. పెద్ద ప్రమాదం జరిగి ఈ గోడలన్నీ ఒకదాని వెంట ఒకటి విఫలమైతే, అవి ఆవిరిగానో సన్నని ధూళిగానో గాలిలో కలుస్తాయి. అక్కడి నుండి పెత్తనం గాలిది.

ఒక చిన్న ప్రయోగం చేయండి. కిటికీలు మూసిన గదిలో ఒక మూల అగరువత్తి వెలిగించి, నలుగురు నేస్తాలను నాలుగు చోట్ల కూర్చోబెట్టండి. వాసన ఎవరికి ఎన్ని సెకండ్లకు తగిలిందో రాసుకోండి. తర్వాత బల్ల ఫ్యాను పెట్టి మళ్ళీ చేయండి. ఫ్యానుకు ఎదురుగా దూరాన కూర్చున్నవాడికి ముందు వాసన తగులుతుంది. అగరువత్తి పక్కనే, ఫ్యాను వైపు కూర్చున్నవాడికి అసలు తగలకపోవచ్చు. దగ్గర, దూరం అన్నది ఒక్కటే లెక్క కాదని మీకే తెలుస్తుంది.

మన దక్షిణ తీరానికి ప్రకృతే రెండు ఫ్యాన్లు పెట్టింది. జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి ఋతుపవనాలు. ఇవి పడమటి వైపు నుండి వచ్చి, కనుమల సందుల్లోంచి దూసుకొని, కూడంకుళం మీదుగా తూర్పుకు, అంటే శ్రీలంక వైపుకే వీస్తాయి. ఆ ప్రాంతంలో ముప్పందల్ దగ్గర వందలకొద్దీ గాలిమరలు ఎందుకు పెట్టారో ఇప్పుడు అర్థమయిందా? చలికాలంలో ఈశాన్య ఋతుపవనాలు. అప్పుడు గాలి శ్రీలంక వైపు నుండి మన వైపుకు వీస్తుంది. కాబట్టి శ్రీలంకవారి బెంగకు కూడా ఒక ఋతువు ఉందన్నమాట.

లెక్క వేద్దాం. గాలి వేగం సెకండుకు 5 మీటర్లు అనుకుంటే గంటకు 18 కిలోమీటర్లు. 225ను 18తో భాగిస్తే పన్నెండున్నర గంటలు. సాయంత్రం ఇక్కడ బయలుదేరిన ధూళి తెల్లవారేసరికి అక్కడి తీరం చేరవచ్చు. అయితే ఆ దారిలో అది నలువైపులా పరుచుకొని పలచబడుతుంది, కొంత సముద్రంలో రాలిపోతుంది. కేంద్రం చుట్టుపక్కల ఉన్న మన పల్లెలకు ఉండే ప్రమాదంతో పోలిస్తే కొలంబోకు ఉండేది చాలా తక్కువ. ఇడింతకరై జాలరులు 2011, 2012లలో ఆందోళన చేసినప్పుడు వారు అడిగిన ప్రశ్న శ్రీలంకవారి ప్రశ్నకంటె బరువైనదే. కాని "చాలా తక్కువ" అంటే "సున్న" కాదు. దారిలో వాన పడితే ఆ ధూళి అంతా ఒక్కచోటే దిగిపోతుంది కూడా.

ఇంతకీ 2012లోనే ఈ ప్రశ్న ఎందుకు వచ్చింది? దానికి ముందు ఏడాది, 2011 మార్చి 11న, జపాన్‌లోని ఫుకుషిమాలో ప్రమాదం జరిగింది. భూకంపం రాగానే అక్కడ నడుస్తున్న రియాక్టర్లు వాటంతట అవే ఆగిపోయాయి. మరి ఆగిపోయిన రియాక్టరుకు ప్రమాదమేమిటి అంటారా? మంచి ప్రశ్న. అన్నం వార్చడానికి పొయ్యిలోంచి కట్టెలు లాగేశారనుకోండి. మంట లేదు, కాని పొయ్యినిండా నిప్పులున్నాయి. గిన్నె ఇంకా కుతకుతలాడుతూనే ఉంటుంది. నియంత్రణ కడ్డీలు దిగితే కొన్ని సెకండ్లలో విచ్ఛిత్తి ఆగుతుంది. కాని విచ్ఛిత్తిలో పుట్టిన ముక్కలు క్షీణిస్తూ వేడిని ఇస్తూనే ఉంటాయి. కూడంకుళం రియాక్టరు ఒక్కొక్కటి 3000 మెగావాట్ల ఉష్ణశక్తిని పుట్టిస్తుంది. ఆపిన మరుక్షణం అందులో 6, 7 శాతం మిగిలి ఉంటుంది. అంటే దాదాపు 200 మెగావాట్లు! ఒక రోజు గడిచాక కూడా పదిహేను మెగావాట్ల ప్రాంతంలో ఉంటుంది. నీరు పారిస్తూ ఈ వేడిని తీసివేయకపోతే ఇంధనం కరుగుతుంది. ఫుకుషిమాలో నీటిని తోడే పంపులకు కరెంటు లేకపోయింది. అవసరానికి ఉంచిన డీజిల్ యంత్రాలను సునామీ ముంచేసింది.

శ్రీలంకకు సునామీ అంటే పుస్తకంలోని మాట కాదు. 2004 డిసెంబరు 26న ఆ చిన్న దేశంలో ముప్పై వేల మందికి పైగా చనిపోయారు. అదే అల మన కన్యాకుమారి తీరాన్నీ కొట్టింది. అప్పటికి కూడంకుళం ఇంకా కట్టుబడిలో ఉంది. కనుక సముద్రపు ఒడ్డున ఉన్న రియాక్టరును చూసి వారు దిగులు పడ్డారంటే అది అజ్ఞానం కాదు, అనుభవం. 2012లో శ్రీలంక విద్యుత్తు, ఇంధన శాఖ మంత్రి పాటలీ చంపిక రణవక ఈ దిగులును బహిరంగంగా చెప్పారు. ప్రమాదం జరిగితే తమ దేశం గతేమిటని అడిగారు.

మన ఇంజనీర్ల వైపు నుండి జవాబు లేకపోలేదు. కూడంకుళంలో కరెంటు పూర్తిగా పోయినా, పంపులు లేకుండానే, వేడినీరు పైకి లేచి చల్లనినీరు కిందికి దిగే సహజ ప్రవాహంతో, బయటి గాలి సాయంతో వేడిని తీసివేసే ఏర్పాటు ఉంది. మీరు చదివిన ఉష్ణసంవహనమే ఇది. ఇంధనం కరిగినా పట్టి ఉంచడానికి రియాక్టరు అడుగున ఒక పెద్ద పాత్ర ఉంది. గుమ్మటం ఒకటి కాదు, రెండు పొరలు. ఇవన్నీ నిజమే. నాకు ఆ ఏర్పాట్లంటే గౌరవం కూడా. అయినా ఇటుకబట్టీ యజమాని "నా గొట్టం చాలా ఎత్తు" అన్నంతమాత్రాన పక్కింటివాడు ఇక మాట్లాడకూడదా? కరెంటు మనకు, అపాయంలో కొంత వారికి. వారు అడగదగిన మొట్టమొదటి వస్తువు ఒకటుంది. అది సమాచారం.

సమాచారానికి ఎందుకంత విలువో చెర్నోబిల్ కథ చెబుతుంది. 1986 ఏప్రిల్ 26 తెల్లవారుజామున 1 గంట 23 నిమిషాలకు, నేటి ఉక్రెయిన్‌లో ఉన్న ఆ రియాక్టరు పేలింది. సోవియట్ ప్రభుత్వం లోకానికి చెప్పలేదు. ఏప్రిల్ 28 ఉదయం, సుమారు 1100 కిలోమీటర్ల దూరాన స్వీడన్‌లోని ఫోర్స్‌మార్క్ అణుకేంద్రంలో ఒక ఉద్యోగి వికిరణాన్ని పసిగట్టే యంత్రం పక్కనుండి నడిచాడు. అది మోగింది! అతని బూట్లకు రేడియోధార్మిక ధూళి అంటుకొని ఉంది. తమ కేంద్రమే కారుతోందేమోనని వారు హడలిపోయి వెతికారు. అక్కడ ఏ లోపమూ లేదు. గాలి వచ్చిన దిక్కును వెనక్కి లెక్కగడితే వేలు సోవియట్ యూనియన్ వైపు చూపింది. ఆ రాత్రికి గాని మాస్కో నోరు విప్పలేదు.

ఆ మూడు రోజుల మౌనం వల్ల పోయిందేమిటి? అయోడిన్-131 అర్ధజీవితకాలం 8 రోజులు. అంటే 8 రోజులకు సగం, 16 రోజులకు నాలుగోవంతు, 80 రోజులకు 1024వ వంతు మిగులుతుంది. కాబట్టి దాని ప్రమాదమంతా మొదటి వారాల్లోనే. అది గడ్డిమీద రాలుతుంది, ఆవు మేస్తుంది, పాలలోకి వస్తుంది, పాలు తాగిన పిల్లల గొంతులోని థైరాయిడ్ గ్రంథిలో చేరుతుంది. థైరాయిడ్‌కు అయోడిన్ కావాలి, అది మంచిదా చెడ్డదా అని చూడదు. చెర్నోబిల్ చుట్టుపక్కల ఆ పాలు తాగిన పిల్లల్లో చాలామందికి తర్వాతి సంవత్సరాల్లో థైరాయిడ్ క్యాన్సర్ వచ్చింది. మొదటి రోజునే తెలిసి ఉంటే ఏం చేయవచ్చు? పశువులను కొట్టంలో కట్టేసి పాత గడ్డి వేయవచ్చు. కొన్ని వారాలు ఆ పాలు మానేయవచ్చు. పొటాషియం అయోడైడ్ మాత్ర ముందే మింగితే గ్రంథి మంచి అయోడిన్‌తో నిండిపోయి, చెడ్డదానికి చోటు ఉండదు. ఇవేవీ గొప్ప యంత్రాలు అక్కరలేని పనులు. వేళకు తెలియడం ఒక్కటే కావాలి.

(ఇక్కడ ఒక మాట. 2011లో ఫుకుషిమా వార్త విని చైనాలో జనం అయోడిన్ ఉప్పు కోసం దుకాణాల మీద పడ్డారు. మన వంటింటి ఉప్పులో కిలోకు 15 నుండి 30 మిల్లీగ్రాముల అయోడిన్ ఉంటుంది. పెద్దవారికిచ్చే మాత్రలో సుమారు 100 మిల్లీగ్రాములు. ఆ మేరకు కావాలంటే మూడు కిలోల నుండి ఏడు కిలోల ఉప్పు తినాలి. వికిరణం కంటే ముందు ఉప్పే చంపుతుంది!)

సీసియం-137 తీరు వేరు. దాని అర్ధజీవితకాలం 30 ఏళ్ళు. చెర్నోబిల్ నుండి రెండువేల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న వేల్స్ కొండల మీద, ధూళిమేఘం వెళ్తున్న వేళకే వాన పడింది. అక్కడి గొర్రెల అమ్మకంమీద పెట్టిన ఆంక్షలు పూర్తిగా ఎత్తేసింది 2012లో. వాన పడని పక్క జిల్లాలకు ఈ బాధ లేదు.

మా ఇబ్రహీంపట్నంలో కుతుబ్‌షాహీల కాలం నాటి పెద్దచెరువు ఉంది. ఇలాంటి పెద్ద చెరువులున్న చోట ఒక పాత మర్యాద ఉండేది. చెరువు నిండి మత్తడి దూకబోతుంటే, కింది ఊళ్ళకు మనిషిని పంపి కబురు చెప్పేవారు, డప్పు వేయించేవారు. నీళ్ళు ఆపమని కింది ఊరివాళ్ళు అనలేరు, ఆగమంటే వాన ఆగుతుందా? కాని పశువులను మిట్టకు తోలుకోవడానికి ఒక పూట వ్యవధి దొరికేది. చెర్నోబిల్ తర్వాత దేశాలన్నీ కూర్చుని చేసింది సరిగ్గా ఈ డప్పు ఏర్పాటే. 1986 సెప్టెంబరులో వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఆధ్వర్యంలో ఒక ఒడంబడిక తయారయింది. సరిహద్దు దాటే అణుప్రమాదం జరిగితే ఎప్పుడు, ఎక్కడ, ఎంత విడుదలయిందో వెంటనే చెప్పాలని దాని సారాంశం. భారతదేశమూ శ్రీలంకా రెండూ అందులో ఉన్నాయి.

అయితే పక్కింటివాడు చెబుతాడులే అని ఊరుకోవడం కూడా తెలివి కాదు. శ్రీలంక తన తీరం వెంట వికిరణాన్ని ఎడతెగకుండా కొలిచే పరికరాలు పెట్టుకుంది. ఇందులో ఒక సూక్ష్మం ఉంది. పరికరం పెట్టవలసింది ప్రమాదం జరిగాక కాదు, ఏమీ జరగని రోజుల్లోనే. ఎందుకంటే వికిరణం ప్రకృతిలో అంతటా ఉంది. మా ఊరి చుట్టూ ఉన్న గ్రానైటు గుట్టల్లో యురేనియం, థోరియం, పొటాషియం-40 రవ్వంత ఉంటాయి. కన్యాకుమారి జిల్లా మణవాలకురిచ్చి ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం, అందులో థోరియం ఉన్నందువల్ల అక్కడి వికిరణం మామూలు కంటే ఎక్కువ. మన శ్రీకాకుళం, విశాఖ తీరాల ఇసుకలోనూ మోనజైట్ ఉంది. మనిషికి ప్రకృతి నుండి ఏడాదికి అందేది ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్టులు. నిన్న ఎంత ఉండేదో రాసి పెట్టుకోనివాడు ఇవాళ పెరిగిందని ఎలా చెప్పగలడు? జ్వరం కొలిచేవాడికి మామూలు ఒంటివేడి ఎంతో తెలిసి ఉండాలి గదా.

ఇరుదేశాల అధికారులు 2012లో ఢిల్లీలో కూర్చుని మాట్లాడుకున్నారు. 2015 ఫిబ్రవరిలో అణుశక్తి శాంతియుత వినియోగంపై ఒక ఒప్పందం కుదిరింది. వైద్యం, వ్యవసాయం, భద్రతతోపాటు అణుప్రమాదం వస్తే నష్టం తగ్గించే పనిలో సహకారం కూడా అందులో ఉంది. బెంగ పూర్తిగా తీరిందని నేను అనను. రెండు ఇళ్ళ మధ్య ఒక కిటికీ తెరుచుకుంది, అంతే.

అన్నిచోట్లా ఇంత సామరస్యం లేదు. డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగన్‌కు 20 కిలోమీటర్ల దూరంలో స్వీడన్‌వారు బార్సెబాక్ కేంద్రం కట్టారు. డేన్‌లు ఏళ్ళ తరబడి ఆక్షేపించారు, చివరికి స్వీడన్ దాని రెండు రియాక్టర్లను 1999లో ఒకటి, 2005లో ఒకటి మూసేసింది. లిథువేనియా రాజధాని విల్నియస్‌కు 50 కిలోమీటర్ల దూరాన బెలారుస్ 2020లో ఒక కేంద్రాన్ని నడపడం మొదలుపెడితే, లిథువేనియా తన ప్రజలకు అయోడిన్ మాత్రలు పంచింది.

ఇక మనకూ పాకిస్తాన్‌కూ మధ్య ఉన్నది మరో రకం భయం. కేంద్రం దానంతట అది పాడవుతుందని కాదు, ఎవరైనా దానిమీద బాంబు వేస్తారేమోనని. 1988 డిసెంబరు 31న ఇస్లామాబాదులో, రాజీవ్ గాంధీ, బేనజీర్ భుట్టో ప్రధానులుగా ఉన్నప్పుడు, ఒకరి అణుకేంద్రాల మీద మరొకరు దాడి చేయరాదని ఒప్పందం చేసుకున్నారు. 1992 నుండి ఏటా జనవరి 1న రెండు దేశాలూ తమ అణుకేంద్రాల పట్టికను, అక్షాంశ రేఖాంశాలతో సహా, ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. 1999లో కార్గిల్ యుద్ధం జరిగింది. తర్వాతి జనవరిలోనూ పట్టికలు మారాయి. పట్టిక రహస్యం, మనకు చూపరు. కాని ఆ ఒప్పందపు నిర్వచనంలో రియాక్టర్లే కాదు, ఇంధనం తయారుచేసే కర్మాగారాలు కూడా ఉన్నాయి. అలాంటి కర్మాగారం ఒకటి హైదరాబాదులో, మా ఊరి నుండి బస్సులో వెళ్ళి సాయంత్రానికి తిరిగి రాగల దూరంలో ఉంది. అందుకే జనవరి 1న కొత్త సంవత్సరం శుభాకాంక్షల నడుమ ఆ చిన్న వార్త కోసం పేపరు వెతకడం నాకు అలవాటు.

మా అమ్మాయికి ఇదంతా చెప్పాక, ఆమె పటం దగ్గరికి వచ్చి స్కేలు పెట్టి కొలిచింది. "అయితే సార్, మన గాలి వాళ్ళకు పోయినట్టే చలికాలంల వాళ్ళ గాలి మనకొస్తది గదా, వాళ్ళకు రియాక్టరు ఉన్నదా?" అంది. శ్రీలంకలో అణు విద్యుత్కేంద్రం ఇప్పటికి లేదు. కట్టాలన్న ఆలోచన మాత్రం అక్కడ చర్చలో ఉంది.

మీకు రెండు లెక్కలు ఇస్తున్నాను. గాలి సెకండుకు 10 మీటర్ల వేగంతో కూడంకుళం నుండి సూటిగా కొలంబో వైపు వీస్తే ధూళి ఎన్ని గంటల్లో చేరుతుంది? పాలలో చేరిన అయోడిన్-131 ఇరవైనాలుగు రోజుల తర్వాత ఎన్నో వంతు మిగులుతుంది? మొదటిదానికి జవాబు ఏడున్నర గంటలు, రెండోదానికి ఎనిమిదో వంతు రావాలి. రాకపోతే మళ్ళీ చేయండి.